పూడిక తీయని చెరువు

చెరువు త్రవ్వించినవాని పేరు శాసనమున కెక్కును; పూడిక తీయించినవాని పేరు ఎవరును చెక్కింపరు. అయినను చెరువు తరతరములు నిలుచుట రెండవవాని వలననే. ఈ సంగతి మన పూర్వులు బాగుగ నెరిగిరి. కనుకనే చెరువు కట్టించుటతో తృప్తి చెందక, దానిని కనిపెట్టి యుండువారికి దశబంధ మాన్యములు ఏర్పరచిరి. మాన్యము ననుభవించువాడు గట్టును కాపాడవలెను, తూమును బాగుచేయింపవలెను. నిర్మాణమునకు ఒకనాటి ధనము చాలును, రక్షణమునకు ఏటేట రాబడి కావలెను. ఇదియే ఆ యేర్పాటులోని యర్థశాస్త్రము.

నేడు మన గ్రంథములకును, పత్రికలకును క్రొత్త చెరువొకటి త్రవ్వుచున్నాము. దానికి డిజిటల్ గ్రంథాలయమని పేరు. ప్రారంభోత్సవములు జరుగుచున్నవి, ఎన్ని పుటలు స్కాను చేసితిమో సగర్వముగ లెక్క చెప్పుకొనుచున్నాము. దీని పూడిక తీయుటకు ఏటేట ధనమెవరిత్తురను ప్రశ్న మాత్రము ఆ సభలలో వినబడదు.

పూర్వకాలపు గ్రంథము ఖర్చు లేకయే నిలిచినదనుకొనుట పొరబాటు. తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె పూయవలెను. పురుగు పట్టకుండ చూడవలెను. శిథిలము కాకమునుపే క్రొత్త ఆకులపై మరల వ్రాయింపవలెను. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను కడపలో పండితులకు జీతములిచ్చి, సొంత ధనము వెచ్చించి కావ్యములకు ప్రతులు వ్రాయించెను. కాని తాళపత్రమునకొక సుగుణము కలదు. తండ్రి దానిని అటకపై పడవేసి మరచినను, మనుమడు దించి, దుమ్ము దులిపి చదువుకొనవచ్చును. కొంతకాలపు ఉపేక్షను అది సహించును.

డిజిటల్ ప్రతికి ఆ సహనము లేదు. హార్డుడిస్కును నాలుగైదేండ్లకొకసారి మార్చుచుండవలెను. డిస్కు చెడకున్నను దానిని చదువు యంత్రము వాడుకనుండి తొలగిపోవచ్చును. యంత్రమున్నను ప్రోగ్రాము మారిపోవచ్చును. యూనికోడ్‌లో తెలుగు లిపికి 1991లోనే స్థానము లభించినది. అయినను మన ముద్రణాలయములు చిరకాలము ఎవరికి తోచిన ఫాంటులో వారు అక్షరములు కూర్చినవి. ఆ ఫాంటు లేని యంత్రమున ఆ పుటను తెరచి చూచినచో తెలుగు మాయమై, అర్థము లేని గుర్తుల కుప్ప కనబడును. ఇది మన ఉపాధ్యాయులలో పలువురికి అనుభవమే.

ఇట్టి యవస్థ మనకే పట్టినది కాదు. ఇంగ్లండులో 1086లో విలియం రాజు భూముల వివరములన్నియు సేకరింపజేసెను. దానినే డూమ్స్‌డే గ్రంథమందురు. దానికి 900 ఏండ్లు నిండిన సందర్భమున, 1986లో, బి.బి.సి. సంస్థ వేలాది పాఠశాలల పిల్లలచేత తమ తమ ఊళ్ల వర్ణనలు వ్రాయించి, లేజరు డిస్కులపై భద్రపరచెను. పదునైదేండ్లు గడచునప్పటికే ఆ డిస్కులను చదువగల యంత్రములు అరుదైనవి. అందలి విషయమును వెలికి తీయుటకు పరిశోధకులు ప్రత్యేకముగ శ్రమింపవలసి వచ్చినది. తోలుపై వ్రాసిన మూలగ్రంథమో, నేటికిని చదువుటకు వీలుగనే యున్నది.

యంత్రముల వెల తగ్గుచుండును గదా, భయమెందుకని కొందరందురు. ఆ తగ్గుదలను నమ్ముకొని లెక్కలు వేయరాదని 2011లో థాయిలాండు వరదలు చాటినవి. అచటి కర్మాగారములు మునుగగానే లోకమంతట హార్డుడిస్కుల వెల పెరిగినది. అదియునుగాక, డిస్కు వెల మొత్తము ఖర్చులో ఒక భాగమే. విద్యుత్తు, ప్రతులను పరీక్షించుట, పాత రూపమునుండి క్రొత్త రూపమునకు మార్చుట, ఈ పని తెలిసిన మనుష్యుల జీతములు, ఇవి యేటేట వచ్చు ఖర్చులు.

అసలు చిక్కు ఇంకొకటి కలదు. ఈ రక్షణ వలన లాభపడువారు ఇంకను పుట్టలేదు. నేటి పద్దు వ్రాయునప్పుడు వారి తరఫున మాటాడువారు లేరు. పైగా ఒకరు దాచిన గ్రంథమును అందరును ఉచితముగ చదువవచ్చును గనుక, దాచు భారమును ఎదుటివారే మోయుదురని ప్రతివారును ఊరకుందురు. అమెరికాలో 2010లో వెలువడిన బ్లూ రిబ్బన్ కార్యదళపు నివేదిక ఈ చిక్కునే విపులముగ చర్చించినది.

మన యనుభవమునే చూతము. మన చిత్తూరు జిల్లావారగు రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహముతో పది లక్షల గ్రంథముల పథకము నడచినది. అందులో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకు హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక కేంద్రము. ఎక్కడను దొరకని తెలుగు పుస్తకములెన్నో దాని వలన వెలుగు చూచినవి. ఆ పథకపు మొదటి వెబ్‌సైటు నిలువలేదు. అయినను పుస్తకములు పెక్కు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో దొరకుచున్నవి. వేరొకచోట ప్రతులుండుటయే వానిని కాపాడినది. ఇది సంతోషింపదగినదే, కాని అదృష్టమును ఏర్పాటుగా భావింపరాదు.

"కాగితము పొడియగుచున్నది, ముందు స్కాను చేయుదము, రక్షణ సంగతి తరువాత చూతము" అను వాదము కలదు. అందు సత్యము లేకపోలేదు. ఆలస్యము చేసిన పుస్తకము మరల రాదు. కాని స్కాను చేసితిమను ధైర్యముతో మూలప్రతిని చిత్తుకాగితముల వానికి అమ్మివేసి, తరువాత డిస్కును కూడ పోగొట్టుకొన్నచో, రెండు విధముల నష్టపోయినట్లే. కావున నా యభిప్రాయమిది: స్కానింగునకు నూరు రూపాయలు మంజూరైనచో, అందు ముప్పదియో నలుబదియో శాశ్వత నిధిగ వేరుపరచి, దాని వడ్డీతో పోషణ జరుపవలెను. అందువలన పుస్తకముల సంఖ్య తగ్గినను సరియే. పదివేలు స్కాను చేసి పోగొట్టుకొనుటకంటె ఆరువేలు నిలుపుకొనుట మేలు. ఏవి ముందుగ దాచవలెనో పండితులు, గ్రంథపాలకులు కూర్చుండి నిర్ణయింపవలెను. మూలప్రతిని మాత్రము పారవేయరాదు.

పాఠశాలలును ఈ ధర్మము పాటింపవచ్చును. విద్యార్థులు వెలువరించు సంచికను, సేకరించిన ఊరి చరిత్రను యూనికోడ్‌లో వ్రాయుడు. మూడు ప్రతులు మూడు చోట్ల నుంచుడు. ఒకటి కాగితముపై అచ్చు వేయించుడు. ఏటికొకసారి తెరచి చూచు బాధ్యతను ఒక ఉపాధ్యాయునికి అప్పగింపుడు. ఆయన బదిలీ యైనప్పుడు బీరువా తాళముతోపాటు ఆ బాధ్యతయు తరువాతివారికి అందవలెను.

మనవారు చెప్పిన సప్తసంతానములలో తటాకము, ప్రబంధము, నిధి ఒక్క వరుసలోనే యున్నవి. ప్రబంధమును మాత్రమే దాచి నిధిని మరచినచో, మన మనుమలకు మిగులునది గట్టు తెగిన చెరువే.