లాగిన్ ఇచ్చి చేతులు దులుపుకుంటే...

చిన్న వ్యాపారిని ఆన్‌లైన్ అంగడికి చేర్చడం ఇప్పుడు ప్రభుత్వాలకు ఎంతో ఇష్టమైన పని. కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ 2024 జూన్‌లో ‘టీమ్’ పథకాన్ని ప్రకటించింది. ఐదు లక్షల సూక్ష్మ, చిన్న సంస్థలను ఓఎన్‌డీసీ అనే ఉమ్మడి ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్‌లోకి తేవాలని, వాటిలో సగం మహిళలవి కావాలని లక్ష్యం పెట్టుకుంది. కేటాయింపు 277.35 కోట్ల రూపాయలు. భాగిస్తే ఒక్కో సంస్థకు వచ్చేది సుమారు 5,500. వర్క్‌షాపులు, సరుకు ఫొటోలు, కేటలాగు, ప్యాకింగ్, రవాణా, ఖాతా నడపడంలో సాయం అన్నీ అందులోనే జరగాలి. ప్రైవేటు వేదికలూ వెనకబడి లేవు. ఫ్లిప్‌కార్ట్‌కు ‘సమర్థ్’ ఉంది, అమెజాన్‌కు ‘కారీగర్’, ‘సహేలీ’ ఉన్నాయి. పొదుపు సంఘాల మహిళల సరుకును ఆన్‌లైన్‌లో పెట్టించే బాధ్యతను రాష్ట్ర సంస్థలు కూడా నెత్తికెత్తుకుంటున్నాయి.

ఉద్దేశాన్ని తప్పుపట్టేవారు ఎవరూ ఉండరు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ డబ్బా ఇవాళ కొరియర్‌లో దేశమంతా తిరుగుతోంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడి మగ్గం గుంటల పక్కన చీరలు పేరుకుపోయినప్పుడు, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి నాలుగు చీరలు అమ్ముకోగలిగిన నేతకారులు ఆ నెల గడుపుకోగలిగారు. ఆన్‌లైన్ వద్దనే వాదనకు ఈ పత్రిక దూరం. మా ఆందోళన అంతా శిక్షణ ఎక్కడ ఆగిపోతోంది అన్నదాని గురించే.

ఖాతా తెరవగానే ఆగిపోతోంది. ఒక రోజు సదస్సు, ఒక భోజనం, ఒక సర్టిఫికెట్. ఫోన్‌లో యాప్ వేయించి, పాన్, బ్యాంకు ఖాతా జోడించి, నాలుగు ఫొటోలు ఎక్కించి లాగిన్ చేతిలో పెడతారు. శిక్షణ సంస్థకు బిల్లు పాసవుతుంది, నివేదికలో ఒక అంకె పెరుగుతుంది. వ్యాపారికి అసలు పరీక్ష మాత్రం మొదటి ఆర్డరు వచ్చిన రోజు మొదలవుతుంది. ఆ రోజుకు పక్కన ఎవరూ ఉండరు.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు మేము అనుకున్నవే, తీరు మాత్రం ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలిసినదే. ఒక కాటన్ చీరకు 600 రూపాయలు పెట్టుబడి. ఆన్‌లైన్‌లో ధర 900. పది చీరలు పంపితే మూడు తిరిగొచ్చాయి, ఏడు నిలిచాయి. 900లో ఐదు శాతం జీఎస్టీ పోతే 857. కమీషను, ఫీజు, కొరియరు, వాటిమీద పన్ను కలిపి చీరకు 170 పోయిందనుకుంటే చేతికొచ్చేది 687, ఏడింటికీ 4,809. తిరిగొచ్చిన మూడింటి రవాణా 120 చొప్పున 360. పదింటి ప్యాకింగు 150. జాబితాలో పైన కనబడటానికి ప్రకటనకు 300. ఇవన్నీ పోను మిగిలింది 3,999. అమ్ముడైన ఏడు చీరల పెట్టుబడే 4,200. పైగా వెనక్కి వచ్చిన వాటిలో ఒకటి మరకపడి సగం ధరకు దిగిపోయింది, అక్కడ మరో 300. పది చీరలు పంపి, ఏడు అమ్మి, 501 రూపాయలు నష్టపోయారు. తెర మీద మాత్రం ‘అమ్మకాలు: 6,300’ అని పచ్చరంగులో కనిపిస్తుంది. అవే పది చీరలను ఊళ్లో దుకాణదారుకు 700 చొప్పున ఇచ్చేసి ఉంటే వెయ్యి రూపాయలు మిగిలేవి.

కమీషనే లేదని చెప్పుకునే వేదికల్లోనూ ఖర్చు మాయమైపోదు. కొరియరు, రిటర్ను, ప్రకటన రూపంలో పక్కదారిన వస్తుంది. సరుకు చేతికొచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతిలో మరో చిక్కుంది. కొన్నవారు తలుపు తీయకపోయినా, మనసు మార్చుకున్నా పార్శిల్ వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కొత్త చీర ఉంచుకుని పాతది పెట్టి పంపేవారూ ఉన్నారు. నష్టపరిహారం అడగాలంటే ప్యాక్ చేసేటప్పుడు ఒకటి, తిరిగొచ్చిన పార్శిల్ విప్పేటప్పుడు ఒకటి వీడియో తీసి ఉండాలి, గడువులోగా ఫిర్యాదు పెట్టాలి. ఈ సంగతి సదస్సులో చెప్పాల్సిన మొదటి పాఠం. సాధారణంగా అది నష్టపోయాకే తెలుస్తుంది.

పట్టణంలో నిలదొక్కుకున్న వ్యాపారికి ఈ నష్టం ఒక పాఠం. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని సరుకు తెచ్చుకున్న మహిళకు అది వాయిదా తప్పడం. ఆమె కట్టలేకపోతే తోటి సభ్యులు భరించాలి, లేదా సంఘానికి బ్యాంకులో ఉన్న మంచిపేరు పోవాలి. ఇరవై, ముప్పై ఏళ్లుగా వారం వారం చిన్న మొత్తాలు వేసుకుంటూ కట్టుకున్న నమ్మకం అది. ఆన్‌లైన్ వ్యాపారంలో చేరినవారి సంఖ్య చూపించుకోవాలన్న తొందరలో సంఘం అప్పును సరుకు పెట్టుబడిగా మళ్లించమని ఉత్సాహపరిచే అధికారులు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. అన్నింటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్న ప్రమాదం ఇదే.

పన్ను సంగతి కూడా చెప్పకుండానే దాటేస్తున్నారు. వార్షిక టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటని సరుకుల వ్యాపారికి మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి అలాంటివారు సొంత రాష్ట్రంలో అమ్ముకునేంతవరకు ఆన్‌లైన్ వేదికల మీద కూడా నమోదు లేకుండానే, పాన్‌తో ఒక ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య తీసుకుని వ్యాపారం చేసుకోవచ్చు. మంచి సడలింపే. రాష్ట్రం దాటితే మాత్రం అది వర్తించదు. జగ్గయ్యపేట నుంచి కోదాడకు పంపినా అది అంతర్రాష్ట్ర అమ్మకమే. నమోదు చేసుకున్నాక పన్ను లెక్క చూపాల్సిన కాలంలో ఒక్కటీ అమ్మకపోయినా సున్నా రిటర్ను వేయాలి. వేయకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. ఆర్డర్లు రాక యాప్ తెరవడం మానేసిన వ్యక్తికి ఆర్నెల్ల తర్వాత నోటీసు వస్తే, ఆన్‌లైన్ పేరెత్తితేనే భయపడే స్థితి వస్తుంది. నమోదు చేయించినవారే, వ్యాపారం సాగనప్పుడు దాన్ని రద్దు చేసుకోవడం ఎలాగో కూడా నేర్పాలి.

మోసగాళ్లు మాత్రం శిక్షణ పొందినవారి వెంట శ్రద్ధగా పడుతున్నారు. సైన్యంలో అధికారినంటూ ఫోన్ చేసి, క్యాంటీన్‌కు పెద్ద ఆర్డరంటూ ఊరించి, డబ్బు వేస్తున్నామని క్యూఆర్ కోడ్ పంపే మోసం దేశమంతా పాకింది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదన్న ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే ఎన్నో ఇళ్లు గట్టెక్కేవి. నకిలీ చెల్లింపు స్క్రీన్‌షాట్లు, వేదిక సిబ్బందిమంటూ ఓటీపీ అడిగే ఫోన్లు సరేసరి. వీటిని మించినది మరొకటుంది. ఎవరినో మోసగించిన డబ్బుతో ఎవరో మీ దగ్గర సరుకు కొంటారు. సొమ్ము జాడ పట్టుకుని వేరే రాష్ట్ర పోలీసులు మీ ఖాతాను స్తంభింపజేయిస్తారు. ఏ తప్పూ చేయని చిన్న వ్యాపారి బ్యాంకు చుట్టూ, భాష తెలియని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలి. రోజువారీ సరుకు ఆ ఖాతా మీదే నడుస్తుంటే వారంలో దుకాణం మూతపడుతుంది. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని గోడమీద రాసి సరిపెట్టుకుంటున్నాం. స్తంభించిన ఖాతాతో దిక్కుతోచక నిలబడ్డ వ్యాపారి తరఫున మాట్లాడే మనిషి జిల్లాకు ఒకరైనా ఉన్నారా?

చేనేతకు మరో దెబ్బ ఉంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చేతిమగ్గం మీదే నేయాల్సిన రకాలను మరమగ్గాలకు వదలకూడదని 1985 నాటి రిజర్వేషన్ చట్టం చెబుతోంది. ఆన్‌లైన్‌లో ‘పోచంపల్లి’ అని వెతికి చూడండి. నేయకుండా అచ్చు వేసిన గుడ్డ, మరమగ్గం సరుకు అదే పేరుతో వరుసలో నిలబడి ఉంటాయి. నూలుకు చిటికీ కట్టి, రంగులద్ది, రోజుల తరబడి నేసిన చీర పక్కన ఆ ధర చూసిన కొనుగోలుదారు, నేతకారుడే దోచుకుంటున్నాడని అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నేతకారుడికి ఫొటో తీయడం నేర్పి నకిలీ పక్కనే నిలబెట్టడం సాయం కాదు. హ్యాండ్‌లూమ్ మార్క్ ఎలా తెచ్చుకోవాలి, భౌగోళిక గుర్తింపును వాడుకునే హక్కుదారుగా ఎలా నమోదు కావాలి, తన పేరు వాడుకున్న నకిలీ జాబితాను తొలగించమని ఎవరికి రాయాలి? ఇవి నేర్పాలి. రాసిచ్చే మనిషినీ ఇవ్వాలి.

ఇక చట్టం ఎవరి పక్షాన ఉంది? 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనలు కొనేవారి కోసం రాసినవి. ఒకే రకం సరుకు అమ్మేవారి మధ్య తేడా చూపుతుంటే ఆ సంగతి తమ షరతుల్లో చెప్పాలని వేదికలను అడిగాయి, అంతే. ఖాతా ఉన్నపళంగా ఆపేస్తే, రేటింగు పడిపోయి ఆర్డర్లు నిలిచిపోతే, చెల్లింపు ఆగితే అమ్మకందారు ఎవరికి మొర పెట్టుకోవాలో అవి చెప్పవు. ఐరోపా సమాఖ్య 2019లో ఇందుకోసమే ఒక నిబంధన తెచ్చింది, 2020 జులై నుంచి అమల్లో ఉంది. అమ్మకందారుకు సేవలు పూర్తిగా నిలిపేయాలంటే మామూలుగా కనీసం 30 రోజుల ముందు, కారణాలతో తెలపాలి. షరతులు మార్చాలంటే కనీసం 15 రోజుల గడువివ్వాలి. మన దగ్గర పెద్ద వేదికలు కొందరు అమ్మకందారులకే కొమ్ము కాస్తున్నాయన్న వర్తక సంఘం ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ 2020 జనవరిలో విచారణకు ఆదేశించింది. అది ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. పెద్ద వర్తక సంఘాలకే అన్నేళ్లు పడితే చీరాల నేతకారుడి మాట చెప్పనక్కర్లేదు. యాప్ బటన్లు కొన్నిచోట్ల తెలుగులోకి వచ్చాయి, సంతోషం. మనిషిని కట్టిపడేసే ఒప్పందం మాత్రం ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంది. చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ నొక్కించేది శిక్షకులే.

పెద్ద వేదికల పెత్తనానికి విరుగుడుగా ఓఎన్‌డీసీ పుట్టింది. 2021 డిసెంబరులో కంపెనీగా నమోదైంది, 2022 ఏప్రిల్‌లో ఐదు నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. కొనే యాప్ ఒకరిది, అమ్మే యాప్ మరొకరిది, మోసేవారు ఇంకొకరు. ఒక్క సంస్థ గుప్పిట్లో పడకుండా ఉండటానికి ఆలోచన బాగుంది. సరుకు పోయినప్పుడు మాత్రం ముగ్గురిలో ఎవరిని అడగాలో చిన్న వ్యాపారికి ముందే స్పష్టంగా చెప్పకపోతే పెత్తనం పోయి, పూచీ కూడా పోతుంది.

కాబట్టి ప్రభుత్వాలు ముందు కొలమానాన్ని మార్చాలి. శిక్షణ సంస్థకు ఇచ్చే సొమ్ములో సగమైనా, ఏడాది తర్వాత ఆ వ్యాపారి ఇంకా అమ్ముతూ, ఖర్చులు పోను మిగుల్చుకుంటున్నాడని తేలాకే విడుదల కావాలి. లాభనష్టాల లెక్క తెలుగులో వేయించకుండా ఎవరికీ ఖాతా తెరిపించకూడదు. లెక్క కుదరని సరుకుకు ‘ఇది ఆన్‌లైన్‌కు వద్దు, తెలిసినవారికి ముందే డబ్బు తీసుకుని వాట్సాప్‌లో అమ్ముకో’ అని చెప్పే ధైర్యం శిక్షకుడికి ఉండాలి. నేత, హస్తకళల ఊళ్ల సమూహానికి ఒక సహాయకుడు కావాలి. రిటర్ను తగాదా, పన్ను నోటీసు, స్తంభించిన ఖాతా ఏదైనా అతని దగ్గరకు వెళ్లి కూర్చోగలగాలి. అమ్మకందారుల హక్కులకు కేంద్రం చట్టం తేవాలి. అది వచ్చేలోగా, తమతో ఒప్పందాలు చేసుకునే వేదికలకు కారణం చెప్పకుండా ఖాతా ఆపకూడదన్న షరతు పెట్టే అధికారం రాష్ట్రాల చేతిలోనే ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటివరకు ఆన్‌లైన్ వేదికలకు ఎక్కించినవారిలో ఎంతమంది ఏడాది తర్వాత మిగిలారు, వారి చేతికి ఎంత మిగిలింది, ఎంతమంది అప్పులో పడ్డారు అన్న లెక్కను జిల్లాలవారీగా ప్రజల ముందు పెట్టాలి. అది బయటికి వచ్చేదాకా కొత్త లక్ష్యాలు ప్రకటించకపోవడమే మంచిది.