‘రి’ పక్షాన మా ప్రకటన

మా మిత్రులొకరు చేసిన అనువాదాల గురించి ఎస్పరాంటోలో పరిచయ వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాం. ఆడ, మగ అన్న రెండు గడుల్లో దేనిలోనూ ఇమడని మనిషి తను. అందుకని తన మాట వచ్చిన ప్రతిచోటా లింగం చెప్పని ‘రి’ అనే సర్వనామం రాశాం. అచ్చులో ప్రతి ‘రి’ ‘అతను’ అనే ‘లి’గా మారిపోయింది. అడగలేదు, చెప్పలేదు. తన గురించిన వ్యాసంలో తను మగవాడైపోయి ఉండడం మా మిత్రులు పత్రిక విప్పి చూసుకున్నారు. ఉత్తరం రాస్తే ఒక్క వాక్యం జవాబొచ్చింది: ఎస్పరాంటోకు పునాది గ్రంథమైన ఫుండమెంటోలో లేని సర్వనామం వేయం. వార్షిక సమావేశంలో ‘రి’ గురించి తీర్మానం పెడతామంటే అధ్యక్ష స్థానం ఒప్పుకోలేదు. వెనక వరసల్లోంచి ఎవరో ‘ఇడిస్టులు’ అని అరిచారు. 1907లో ఎస్పరాంటోను సంస్కరించి ‘ఇడో’ పేరుతో విడిపోయినవాళ్ల పేరు అది. ఆ తర్వాత ఈ ఉద్యమంలో ఆ మాట ఎంత పెద్ద తిట్టో ఎరిగినవాళ్లే అరిచారు.

ఫుండమెంటో పేరు చెప్పి నోరు మూయించారు కనుక దానితోనే మొదలుపెడతాం. అందులోని పదహారు సూత్రాల్లో అయిదోది సర్వనామాలది: మి, వి, లి, షి, జి, సి, ని, ఇలి, ఓని. వీటిలో ఒక్కదాన్నీ తీసేయమని మేం అడగలేదు, పక్కన ఇంకొకటి చేర్చమన్నాం. 1905లో ఎస్పరాంటో మహాసభ బులోన్‌లో ఆమోదించిన ప్రకటన నాలుగో అంశం తెరిచి చూడండి. ఫుండమెంటోలోని సామగ్రితో సులువుగా చెప్పలేని భావాన్ని తనకు సరైనదనిపించిన తీరులో చెప్పే హక్కు ప్రతి ఎస్పరాంటిస్టుకూ ఉంది. ఆ ప్రకటన చదవకుండానే ఆ పుస్తకం మా మీదికి విసిరారు.

‘లి’ చాలదా అంటారు. ‘నేను’ అనే ‘మి’లో లింగం లేదు, ‘నువ్వు’ అనే ‘వి’లో లేదు, ‘వాళ్లు’ అనే ‘ఇలి’లో లేదు. వందమంది గురించి చెప్పేటప్పుడు అక్కర్లేని లింగం ఒక్కరి దగ్గరకొచ్చేసరికి ఎందుకు కావలసివచ్చింది? పోనీ ‘జి’ వాడమంటారు. ఎస్పరాంటో సృష్టికర్త జామెన్‌హాఫ్ పసిబిడ్డకు ‘జి’ వాడిన మాట నిజమే. కానీ అయిదో సూత్రం దాన్ని వస్తువులకూ జంతువులకూ కేటాయించింది. ఎదిగిన మనిషిని ఆ గాటన కట్టడానికి మేం ఒప్పుకోం. తెలుగువాళ్లకు ఈ నొప్పి కొత్తది కాదు. మన వ్యాకరణంలో అమ్మాయీ ‘వచ్చింది’, ఆవూ ‘వచ్చింది’. పదిమంది అమ్మాయిలైతేనే మగవాళ్లతో సమంగా ‘వచ్చారు’. తెలుగును ఎవరూ కూర్చుని తయారుచెయ్యలేదు కనుక నిలదీయడానికి మనిషి దొరకడు. ఎస్పరాంటో అలా కాదు. ఒక వైద్యుడు ఆలోచించి, ఎంచి, కూర్చి 1887లో వెలువరించిన భాష అది. అందులో మిగిలిన లోటుకు అలవాటును సాకు చూపడం కుదరదు.

‘రి’నే ఎందుకంటే, అయిదో సూత్రంలోని సర్వనామాలన్నీ ‘ఇ’తోనే ముగుస్తాయి. ‘ఆ’ చేరిస్తే ‘తన’ అనే ‘రియా’, ‘న్’ చేరిస్తే ‘తనను’ అనే ‘రిన్’. కొత్త సూత్రం ఒక్కటీ నేర్చుకోనక్కర్లేదు. లకార రకారాల తేడా జపాన్, కొరియా మిత్రులకు కష్టమన్న అభ్యంతరాన్ని మాత్రం గౌరవిస్తాం. అయితే ‘లాండో’ దేశం, ‘రాండో’ అంచు. ఆ కష్టం ఈ భాషలో వాళ్లు మొదటినుంచీ పడుతున్నదే. ఇంతకంటే మంచి రూపం వాళ్లు చూపిస్తే వింటాం. ఏ రూపమూ వద్దనేవాళ్ల మాట వినం.

ఫిన్నిష్‌లో ‘హాన్’ అంటే ఆమె కావచ్చు, అతను కావచ్చు. బెంగాలీ, టర్కిష్ భాషలూ మూడో మనిషికి లింగం అంటగట్టకుండానే నడుస్తున్నాయి. ఆ సౌకర్యం లేని స్వీడిష్‌లో ‘హెన్’ వాడుకలోకి వచ్చింది, 2015లో స్వీడిష్ అకాడమీ పదకోశంలోకీ ఎక్కింది. ఒక జాతి తన సొంత భాషలో చేసుకోగలిగింది, ఏ జాతిదీ కాని భాషకు చేతకాదా? బ్యాలిస్టాక్ వీధుల్లో భాషకో గుంపుగా చీలిన మనుషుల్ని చూసి పెరిగిన కుర్రవాడు జామెన్‌హాఫ్ కల ఇది. ఆ కలలో మాకు చోటు ఎవరో ఇచ్చేది కాదు, అది మాకు ఉన్నదే. ఎస్పరాంటోనే ఇంటిభాషగా పెరుగుతున్న పిల్లలు నేడు ఉన్నారు. వాళ్లలో ఏ ఒక్కరూ తమ గురించి చెప్పమని స్నేహితుణ్ణి అడగడానికి జంకకూడదు. లోకంలో ఏ మూల మనిషైనా మరో మూల మనిషిని ఉన్నదున్నట్టుగా పిలవగలిగే భాషగా దీన్ని నిలబెడతాం.

పేరు ఎవరిదో సర్వనామమూ వారిదే.
చెప్పకుండా మార్చడం చెరపడమే.
ఫుండమెంటో అందరిదీ.

ఆ వ్యాసాన్ని ప్రతి ‘రి’తో సహా ఆ పత్రిక మళ్లీ అచ్చువేయాలి. వచ్చే సమావేశంలో మా తీర్మానాన్ని చర్చకు పెట్టాలి. ఓడితే ఓడతాం, చర్చ మాత్రం జరగాలి. అప్పటిదాకా ఇందులో సంతకం చేసినవారెవరూ ఆ పత్రికకు వ్యాసం గానీ అనువాదం గానీ చందా గానీ పంపరు. మా తరగతుల్లో ‘లి’, ‘షి’ల పక్కనే మొదటి పాఠం నుంచి ‘రి’ నేర్పుతాం.