చదువు ఎక్కువ.. రక్షణ తక్కువ

మొన్న మా అక్క కొడుకు ఊరి నుంచి ఫోన్ చేశాడు. డిగ్రీ పూర్తయింది, ఏజెంటు విజిట్ వీసా మాట్లాడుతున్నాడట. "మామా, నాది ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు. ఏ రంది లేదు, డైరెక్టుగా ఫ్లైటెక్కడమే" అన్నాడు. వాడి సంతోషం చూస్తే నాకు భయమేసింది. ఎందుకో చెబుతాను.

మా రూములో ఎనిమిది మందిమి ఉంటాం. అందరికంటే ఎక్కువ జీతం నిర్మల్ అన్నది. ఆయనకు సంతకం పెట్టడం కూడా రాదు. కానీ షట్టరింగ్ పనిలో ఇరవై ఏళ్ల అనుభవం. అందరికంటే తక్కువ జీతం బీకాం చదివిన జగిత్యాల తమ్ముడిది. క్లీనింగ్ కంపెనీలో పని. పనిలో చిన్నతనం ఏమీ లేదు, పని తెలిసినోడికి ఎక్కువ జీతం రావడమూ న్యాయమే. నా ప్రశ్న జీతం గురించి కాదు. రేపు సైట్‌లోనో రోడ్డు మీదో ఏదైనా జరిగితే ఈ ఇద్దరిలో ఎవరి ఇంటికి ఏం అందుతుంది?

నిర్మల్ అన్న పది పాస్ కాలేదు కాబట్టి ఆయనది ఈసీఆర్ పాస్‌పోర్టు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ఆయనకు ముందుగా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ క్లియరెన్స్ కావాలి. యజమాని ఎవరు, పనేంటి, జీతమెంత అన్నది సర్కారు రికార్డుల్లోకి ఎక్కుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం వందల్లోనే. ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు వస్తాయి.

తమ్ముడు పది దాటాడు కాబట్టి ఇవేవీ అక్కర్లేదు. 2007లో పదో తరగతి పాసైతే చాలు, క్లియరెన్స్ అవసరం లేదన్నారు. చదువుకున్నోడు తన మంచిచెడ్డలు తాను చూసుకోగలడని సర్కారు లెక్క. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పిందని అప్పట్లో అందరం సంతోషించాం. కానీ క్లియరెన్స్‌తో పాటు బీమా, రికార్డు కూడా చేజారిపోయాయి. చేసేది కూలి పనే అయినా, కూలికి ఉండే రక్షణ మాత్రం లేదు. కంపెనీ దగ్గర డిగ్రీకి విలువ లేదు, సర్కారు దగ్గరేమో అదే డిగ్రీ అడ్డం పడుతోంది!

ఈ సంగతి ఏజెంట్లకు బాగా తెలుసు. అందుకే వాళ్లకు చదువుకున్న పిల్లలంటే ఇష్టం. చూపించాల్సిన కాయితాలు తక్కువ, అడిగే ఆఫీసరు లేడు.

నేనూ అట్లా వచ్చిన వాణ్నే. స్టోర్‌కీపర్ పని అన్నాడు ఏజెంటు. దిగాక కాంట్రాక్టు ముందు పెట్టారు, సంతకం పెట్టేశాను. ఆ కాయితంలో హెల్పర్ అని ఉంది. అరబ్బీ పక్కనే ఇంగ్లిష్‌లోనూ ఉంది. డిగ్రీ చదివినోణ్ని, నా కాంట్రాక్టు నేను చదువుకోలేదు. రెండేళ్లు బస్తాలు మోశాను. అమ్మ మాత్రం ఊళ్లో "మావోడు ఆఫీసులో ఉన్నాడు" అని చెప్పుకునేది. నేను కాదనలేకపోయాను.

మరి అందరినీ మళ్లీ ఆఫీసుల చుట్టూ తిప్పమంటావా అని మీరు అడగొచ్చు. వద్దు. ఆ తిప్పలు నాకూ తెలుసు. నేను అడిగేది ఒక్కటే. బీమాకు, కాంట్రాక్టు నమోదుకు చదువును కాదు, వీసా మీద రాసిన పనిని లెక్కలోకి తీసుకోవాలి. పరంజీ మీంచి పడితే పది ఫెయిలైనోడి ఎముకా విరుగుతుంది, బీటెక్ ఎముకా విరుగుతుంది. ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలని 2018 నవంబరులో కేంద్రం ప్రకటించింది. అమలు కాకముందే పక్కన పెట్టేసింది. ఆ ఆలోచనను విమానాశ్రయంలో జనాన్ని ఆపేలా కాకుండా, బీమా అందేలా మళ్లీ తేవాలి.

అప్పటిదాకా మన జాగ్రత్త మనదే. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. విజిట్ వీసా మీద పనికి రావద్దు. డిగ్రీతో ఉద్యోగం కావాలనుకుంటే సర్టిఫికెట్లకు అటెస్టేషన్ అక్కడే చేయించుకోండి. ఇక్కడికి వచ్చాక ఒరిజినల్స్ పంపడం, తెప్పించడం పెద్ద తలనొప్పి. సౌదీ ఇప్పుడు కొన్ని పనులకు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెడుతోంది. చేతిలో పని ఉంటే దానికీ ఒక సర్టిఫికెట్ తెచ్చుకోండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓంక్యాప్ సర్కారు సంస్థలే. ఏజెంటు ఇంటికి పోయే ముందు అక్కడొకసారి అడగండి.

అక్క కొడుకుతో నేను రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. "వీసా మీద ఏం పని రాశారో ఫొటో తీసి పంపురా, ఇద్దరం కలిసి చదువుదాం" అన్నాను. ఏజెంటు ఇంకా ఆ కాయితం చూపించలేదట. చూపించేదాకా డబ్బులు కట్టొద్దని చెప్పాను.