కైవారం తాతయ్యది ఏ యోగం?

మన ఇళ్ళల్లో యోగా అనే మాట ఇప్పుడు ముక్కలైపోయింది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద మ్యాట్ వేసుకుని చేసేది యోగా. సాయంత్రం అవ్వ భజన పుస్తకం పట్టుకుని పాడేది భక్తి. ధ్యానం సెంటర్‌కి పోయొచ్చేవాళ్ళది ఇంకో లెక్క, వాళ్ళు రాజయోగం అంటారు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు ఒకరిని చూసి ఒకరు నవ్వుకోవడం కూడా ఉంది. "గుడికి పోవడం మొదటి మెట్టు, మేము దాటేశాం" అని చిన్నవాళ్ళు. "కాళ్ళూ చేతులూ వంచితే మోక్షం వస్తుందా" అని పెద్దవాళ్ళు. బెంగళూరులో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఇట్లా మాట్లాడుకోవడం మాకు నచ్చదు. మనకి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోనే కైవారం ఉంది గదా!

కైవారం చింతామణి తాలూకాలో, చిక్కబళ్ళాపుర జిల్లాలో ఉంది. 2007లో జిల్లా విడిపోయినా మా పెద్దవాళ్ళకి అది ఇంకా కోలారు జిల్లానే. అక్కడి నారాయణప్పగారినే మనం తాతయ్య అంటాం, కర్ణాటక ప్రభుత్వం యోగి నారేయణ యతీంద్రులు అంటుంది. 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని సంప్రదాయం చెప్పే లెక్క. బలిజ కులం, గాజుల వ్యాపారం. భుజాన గాజుల మలారం వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి. పరదేశి స్వామి అనే గురువు ఆయనకి అష్టాక్షరీ మంత్రం ఇచ్చి, నోట్లో ఒక గులకరాయి పెట్టుకోమని, అది కలకండ అయ్యేదాకా జపం చెయ్యమని చెప్పాడట. తాతయ్య గుహలో కూర్చున్నారు. రాయి కలకండ అయింది. ఆ తర్వాత నోట్లోంచి పాటలు వచ్చాయి, తెలుగులోనూ కన్నడలోనూ. ఇది భక్తులు చెప్పుకునే కథ.

ఈ కథని ఏ డబ్బాలో వేస్తారు? నారాయణ నామం జపించారు కాబట్టి భక్తి. గుహలో ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్నారు కాబట్టి రాజయోగం. ఆయన శతకాల్లో ఒకదాని పేరు నాదబ్రహ్మానంద నారేయణ కవి శతకం. నాదాన్ని పట్టుకుని లోపలికి పోయే దారి యోగుల దారి, పేరులోనే ఉంది. ఇంకొకటి అమరనారేయణ శతకం, అది ఊరి గుడిలో ఉన్న దేవుడి పేరు మీద. రెండూ రాసింది ఒకే మనిషి. గుడి అమరనారేయణుడు, లోపల వినిపించే నాదం వేరువేరని ఆయన అనుకుని ఉంటే, సంతకానికి ఒకే పేరు పెట్టుకునేవారు కాదు.

కర్మ, భక్తి, జ్ఞానం, రాజయోగం అనే నాలుగు గళ్ళ పట్టిక మనం అనుకునేంత పాతది కాదు. దాన్ని ఇంత ప్రచారంలోకి తెచ్చింది వివేకానందస్వామి. 1890లలో అమెరికాలో, ఇంగ్లండులో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలే ఆ పేర్లతో నాలుగు పుస్తకాలయ్యాయి. అంతకు ముందు హఠయోగ గ్రంథాల్లో నాలుగు అంటే మంత్రం, లయం, హఠం, రాజం. భాగవతంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పినవి మూడే: జ్ఞానం, కర్మ, భక్తి. విరక్తి కలిగినవాడికి ఒకటి, కోరికలు ఉన్నవాడికి ఒకటి, మధ్యలో ఉన్నవాడికి ఒకటి. పట్టిక ఎప్పటికప్పుడు మారుతా వచ్చిందన్నమాట. అయినా వివేకానందుల్ని తప్పు పట్టడానికి లేదు. బసవనగుడిలో బుల్ టెంపుల్ రోడ్డు మీద పోయేవాళ్ళు ఒకసారి రామకృష్ణ మఠం ముద్ర చూడండి. అది ఆయన గీయించిందే. అలలు కర్మకి, తామర భక్తికి, ఉదయిస్తున్న సూర్యుడు జ్ఞానానికి, చుట్టూ పాము యోగానికి గుర్తు. మధ్యలో హంస. నాలుగూ కలిసి ఉంటేనే హంస కనిపిస్తుందని ఆయన ఉద్దేశం. మనం ఆ బొమ్మ వదిలేసి పట్టిక మాత్రం తీసుకున్నాం. పర్సనాలిటీ టెస్టు లాగా "నీది ఏ టైపు, నాది ఏ టైపు" అంటున్నాం.

అయితే "అన్నీ ఒకటేలే, ఏ దారిలో పోయినా కొండ ఒకటే" అని చేతులు దులుపుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. అది వినడానికి బాగుంటుంది, ఆలోచనకి మాత్రం సెలవు ఇస్తుంది. శంకరులు కర్మ మనసుని శుద్ధి చేస్తుంది, విడుదల జ్ఞానంతోనే అన్నారు. రామానుజులు కర్మ, జ్ఞానం రెండూ భక్తికి అంగాలన్నారు. పతంజలి ఈశ్వర ప్రణిధానాన్ని నియమాల్లో ఒకటిగా పెట్టారు. హఠయోగ ప్రదీపిక తన విద్యని రాజయోగానికి ఎక్కే నిచ్చెన అంటుంది. వీళ్ళందరూ ఒకే మాట చెప్పలేదు. ఏది ముందు, ఏది దేనికి ఆసరా అన్న చోట నిజమైన తగాదా ఉంది. కాని ఒకటి గమనించండి. మిగతావి అక్కర్లేదు, ఒక్కటి చాలు, పక్కవాడిది కింది మెట్టు అని నవ్వండి అని వీళ్ళలో ఎవరూ చెప్పలేదు. మేము టెస్టింగ్ పనిలో రోజూ చూస్తాం: విడివిడిగా ప్రతి మాడ్యూలూ పాస్ అవుతుంది, కలిపేసరికి సిస్టం పడిపోతుంది. బగ్ ఉండేది ఎక్కువగా కలిసే చోటే. పెద్దలు ఆ కలిసే చోటు గురించే వాదించుకున్నారు.

తాతయ్య ఒక్కరే అయితే ఏదో అపురూపం అనుకోవచ్చు. అదే కాలంలో, ఇదే ఎల్ల ప్రాంతంలో, మదనపల్లె వైపు తరిగొండలో వెంగమాంబగారు ఉన్నారు. పుట్టింది 1730లో. చిన్నతనంలోనే భర్త పోయినా బొట్టు తీయనన్న మనిషి. మదనపల్లె సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దగ్గర యోగం నేర్చుకుని, తర్వాత తిరుమలకి చేరారు. వెంకటేశ్వరుడి భక్తురాలు అని అందరికీ తెలుసు. ఏకాంత సేవలో ముత్యాల హారతి ఆమె పేరు మీదే ఉంది. ఆమె రాజయోగామృతసారం అనే కావ్యం కూడా రాశారని ఎంతమందికి తెలుసు? తిరుమల కొండ మీద మనం భోంచేసే అన్నప్రసాద భవనానికి కూడా ఆమె పేరే. హారతి, యోగ గ్రంథం, అన్నదానం మూడింటికీ ఒకే పేరు. ఆ క్యూలో నిలబడి మా పిల్లలు "ఈమె ఎవరు?" అని అడిగితే భక్తురాలు అని ఒక్క మాటలో తేల్చేస్తే మూడొంతులు వదిలేసినట్టే.

మాకు దీంట్లో బాధ కలిగించేది వేదాంతం కాదు, భాష. తాతయ్య పాటలు మన ఇళ్ళల్లో ఇంకా పాడుతున్నారు, చాలామంది కన్నడ లిపిలో అచ్చయిన తెలుగు చూసి పాడుతున్నారు. కన్నడ మీడియంలో చదువుకున్న మాకూ అట్లే వచ్చింది, అందులో చిన్నతనం ఏమీ లేదు. కాని "భక్తి పాట" అని చీటీ అంటించేసరికి పాటలోని యోగం మాటల్ని ఎవరూ ఆగి అడగరు. నాదం అంటే ఏంటి, షట్చక్రాలు అంటే ఏంటి, ఇడ పింగళ ఎందుకు వచ్చాయి? యోగా క్లాసుకి పోయే అమ్మాయికి ఆ మాటలు ఇంగ్లీషులో తెలుసు. అవ్వకి తెలుగులో కంఠతా వచ్చు, అర్థం అడిగే తీరిక ఎవరికీ లేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. ఆ అవ్వ పోతే ఆ మాటలు పాడే గొంతే ఉండదు, అమ్మాయికి అవి తన ఇంటివని తెలియకుండానే పోతాయి.

గురుపూర్ణిమకి కైవారంలో జరిగే సంగీతోత్సవానికి మన బంధువులు చాలామంది పోతారు. ఈసారి బస్సులో పోయేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ ఒక్కో పాట ఎంచుకుంటే బాగుంటుంది. పెద్దవాళ్ళు పాడాలి. యోగా నేర్చుకున్న పిల్లలు అందులోని యోగం మాటలకి అర్థం చెప్పాలి, రాకపోతే వచ్చినవాళ్ళని అడిగి రాసుకోవాలి. నోటుబుక్కు కన్నడ లిపిలో ఉన్నా పరవాలేదు. ధ్యానం సెంటర్ వాళ్ళూ రండి, మీకు నాదం గురించి చెప్పేది అక్కడ చాలా ఉంది. దారిలో టిఫిన్ మా ఇంటి తరఫున.