కదలని లారీ తాగే డీజిల్

మన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో లారీ మైలేజీ కట్టే పద్ధతి ఏళ్ల తరబడి ఒకటే. ట్యాంకు నిండా పట్టించి పంపుతారు. తిరిగొచ్చాక మళ్లీ నిండా పట్టించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తారు. లీటరుకు నాలుగు రావాల్సిన బండికి మూడున్నరే వచ్చిందంటే యజమాని అనుమానం ముందు డ్రైవర్ మీదికే పోతుంది. దారిలో డీజిల్ అమ్ముకున్నాడంటారు. అమ్ముకునేవాళ్లు లేరని కాదు. కానీ ఆ లెక్కలో కిలోమీటర్లే ఉన్నాయి, గంటలు లేవు. గోడౌన్ గేటు ముందు బండిని స్టార్టింగ్‌లోనే ఉంచి గడిపిన నాలుగు గంటలు ఓడోమీటర్ ఎక్కవు, ట్యాంకులోంచి మాత్రం దిగిపోతాయి.

ఎంత డీజిల్ దిగిపోతుంది? ఇంజిన్ సైజును బట్టి, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఏసీ వేసిన భారీ లారీకి గంటకు 2 లీటర్లు అనుకుందాం. రోజుకు 3 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు నిలబడితే 1,800 లీటర్లు. డీజిల్ లీటరు 95 రూపాయల చొప్పున వేసుకున్నా లక్షా 71 వేలు. యాభై లారీలున్న సంస్థకు 85 లక్షలు దాటుతుంది. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి ఒక్కో లారీ గొట్టం నుంచి దాదాపు 4.8 టన్నులు గాల్లో కలుస్తాయి. ఇందులో ఒక్క కిలో సరుకు కూడా ఒక్క అడుగు ముందుకు కదలలేదు.

డీజిల్ బిల్లు కంటికి కనిపించే ఖర్చు. కనిపించనిది ఇంజిన్ అరుగుదల. ఫోర్డ్ కంపెనీ తన వాణిజ్య వాహనాల సర్వీసు లెక్కలో గంట ఐడ్లింగ్‌ను, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఆడటాన్ని, ఇంచుమించు 33 మైళ్ల ప్రయాణంతో సమానంగా చూస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో దీనికి మరో చిక్కు తోడైంది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్, యూరియా ద్రావణంతో విషవాయువులను విడగొట్టే వ్యవస్థ, రెండూ సరిగా పనిచేయాలంటే పొగ బాగా వేడిగా ఉండాలి. నిలబడ్డ ఇంజిన్ నుంచి వచ్చే పొగ చల్లగా ఉంటుంది. మసి పేరుకుంటుంది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అప్పుడు బండిని పక్కన ఆపి, ఇంజిన్ వేగం పెంచి ఆ మసిని కాల్చేయాలి. అంటే డీజిల్ తగలేసినందుకు విరుగుడుగా మళ్లీ డీజిలే తగలేయాలి.

ఇంత నష్టమని తెలిసీ డ్రైవర్ తాళంచెవి ఎందుకు తిప్పడు? అలవాటు ఒక కారణం. టర్బో ఇంజిన్‌ను ఆపే ముందు నిమిషమో రెండు నిమిషాలో అలా ఉంచాలన్న సలహా సబబైనదే, అది అరగంటకు సాగడమే అలవాటు. ఆర్టీసీ డిపోల్లో పొద్దున్నే బస్సులన్నీ స్టార్ట్ చేసి ఉంచడానికి కారణం వేరు. ట్యాంకుల్లో గాలి ఎక్కందే ఎయిర్ బ్రేకు వదలదు. కేఎంపీఎల్ (లీటరుకు వచ్చే కిలోమీటర్లు) తగ్గిన డ్రైవర్లకు కౌన్సెలింగ్ ఇచ్చే డిపోల్లో గాలి లీకయ్యే పైపులకూ అంతే శ్రద్ధ దక్కాలి. ఇక అసలు కారణం తరచూ బ్యాటరీలోనో, సెల్ఫ్ మోటార్‌లోనో ఉంటుంది. బ్యాటరీ దిగిపోయిందని, ఆపితే మళ్లీ అందుకోదని తెలిసిన డ్రైవర్ క్యూలో బండి ఆపడు. ఆపి, వెనక పది లారీలు హారన్లు కొడుతుంటే తోసేవాళ్ల కోసం వెతుక్కోవాలా? కొత్త బ్యాటరీకి వెనకాడే యజమాని ఆ డబ్బును డీజిల్ రూపంలో ఎప్పుడో కట్టేసి ఉంటాడు.

తర్వాతి కారణం ఎండ. అమెరికాలో దూరప్రాంతాల లారీలు ఏడాదికి సుమారు 1,800 గంటలు నిలబడి ఇంజిన్ ఆడిస్తాయని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల అంచనా. గంటకు దాదాపు 3 లీటర్లు కాలుతుంది. అక్కడి డ్రైవర్ క్యాబిన్‌లోనే పడుకుంటాడు, చలికి హీటర్, ఎండకు ఏసీ కావాలి. మన లారీలకు ఆ ఖర్చు ఇన్నాళ్లూ పెద్దగా లేదు. ఎందుకంటే మన డ్రైవర్ లారీ కిందే గుడ్డ పరుచుకునో, ఛాసిస్‌కు ఉయ్యాల కట్టుకునో పడుకున్నాడు. మే నెలలో రెంటచింతల దారిలో మధ్యాహ్నం పూట రేకు క్యాబిన్‌లో కాసేపు కూర్చున్నవాళ్లకు ఆ పొదుపు ఎవరి ఒంటి మీద జరిగిందో చెప్పనక్కర్లేదు.

2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీలకు కేంద్రం ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేసింది. ఎన్నడో రావాల్సిన నిబంధన. అయితే ఇంజిన్ నడిస్తేనే ఆ ఏసీ నడుస్తుంది. రేపు ధాబా దగ్గర రెండు గంటలు కునుకు తీసే డ్రైవర్ ఇంజిన్ ఆపడు, ఆపమనడం న్యాయమూ కాదు. విడి బ్యాటరీలతో నడిచే పార్కింగ్ ఏసీలు మార్కెట్లో ఉన్నాయి. వాటిని విలాసం కింద కాక డీజిల్ ఖాతాలో వేసి చూస్తే లెక్క మారుతుంది.

చట్టంతో ఆపించవచ్చా? కాలిఫోర్నియాలో డీజిల్ లారీ 5 నిమిషాలకు మించి ఐడ్లింగ్‌లో ఉండకూడదు. 2008 నుంచి పడక ఉన్న క్యాబిన్లకూ ఇది వర్తిస్తోంది. ఐదు నిమిషాలకు దానంతటదే ఆగిపోయే ఏర్పాటైనా ఉండాలి, లేదా తక్కువ కాలుష్య ప్రమాణం అందుకున్నట్టు స్టిక్కరైనా ఉండాలి. స్టిక్కర్ ఉన్న బండి పొగ తగ్గిస్తుందేమో గానీ డీజిల్ తాగడం మానదు. న్యూయార్క్ నగరంలో పరిమితి 3 నిమిషాలు, బడి పక్కన ఒకే నిమిషం. వీడియో తీసి ఫిర్యాదు చేసిన పౌరుడికి జరిమానాలో 25 శాతం దక్కుతుంది. కొందరికి అదే సంపాదన మార్గమైంది. మన దగ్గర అలాంటిది పెడితే జరిమానా డ్రైవర్ బత్తాలోంచే పోతుందని ఊహించడానికి పెద్ద అనుభవం అక్కర్లేదు.

పైగా నిలబడి ఆడే ప్రతి ఇంజిన్‌దీ తప్పు కాదు. కాంక్రీట్ మిక్సర్ డ్రమ్ము తిరగకపోతే లోపలి సరుకు గడ్డకడుతుంది. ఐస్‌క్రీమ్ తీసుకెళ్లే చిన్న వ్యాన్లలో చాలావాటికి కంప్రెసర్ బండి ఇంజిన్ మీదే నడుస్తుంది. టాటా, అశోక్ లేలాండ్ కొత్త లారీలతో వచ్చే ట్రాకింగ్ వ్యవస్థలు ఐడ్లింగ్ గంటలను ఫోన్‌లోనే చూపిస్తున్నాయి. మంచిదే. కానీ ఎంతసేపు అన్నదానితో పాటు ఎక్కడ అన్నదీ చూస్తే గానీ ఆ అంకె పనికిరాదు. ధాబా దగ్గరి గంటకూ, సరుకు దింపించుకోని గోడౌన్ ముందరి గంటకూ బాధ్యులు వేరు.

క్యూ తగ్గితే ఐడ్లింగ్ దానంతటదే తగ్గుతుందనడానికి రుజువు మన హైవేల మీదే ఉంది. 2018-19లో టోల్ ప్లాజా దగ్గర సగటున 8 నిమిషాలు ఆగాల్సి వచ్చేది, ఫాస్టాగ్ వచ్చాక అది 47 సెకన్లకు దిగిందని కేంద్ర రవాణా శాఖే చెప్పింది. ఒక్క డ్రైవర్‌కూ పాఠం చెప్పకుండా సాధించిన పొదుపు ఇది. రోడ్డు మీది జాప్యాల వల్ల దేశానికి ఏటా 660 కోట్ల డాలర్లు, నెమ్మది నడక వల్ల అదనంగా కాలే ఇంధనానికి 1,470 కోట్ల డాలర్లు నష్టమని ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (టీసీఐ), కలకత్తా ఐఐఎం కలిసి చేసిన అధ్యయనం అంతకుముందే లెక్కగట్టింది.

టోల్ గేటు దాటిన లారీ ఇప్పుడు ఇరుక్కుంటున్నది సరుకు దించే గేటు దగ్గర. అమెరికాలో సాధారణంగా రెండు గంటలు దాటితే సరుకుదారు డబ్బు కట్టాలి. మన దగ్గరా హాల్టింగ్ ఛార్జీ అన్న మాట ఉంది. వసూలయ్యేది తక్కువ, అడిగితే మరుసటి లోడు రాదన్న భయం ఎక్కువ. విడిగా ఒక్క లారీ యజమాని గెలవగలిగే బేరం కాదిది. లారీ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్లిందో రాసే రిజిస్టర్ పెద్ద గోడౌన్ల గేట్ల దగ్గర ఎలాగూ ఉంటుంది. హాల్టింగ్ బిల్లుకు ఆ రిజిస్టరే ఆధారమని కిరాయి ఒప్పందాల్లో రాయించే పని లారీ యజమానుల సంఘాలు ఇప్పుడే మొదలుపెట్టాలి.