రువాండాను చూపించి ఎవర్ని భయపెడతారు?

కులగణన మాట ఎత్తగానే కొందరు పెద్దమనుషులకు ఉన్నట్టుండి ఆఫ్రికా గుర్తుకొస్తుంది. "మనుషుల్ని లెక్కబెట్టి, పేర్లు రాసి, చేతికి కార్డులిచ్చిన దేశం రువాండా. చివరికేమైంది? ఒకర్నొకరు నరుక్కున్నారు. మనకూ అదే గతి!" ఇదీ వరస. 2024లో తెలంగాణలో ఇంటింటి సర్వే జరిగినప్పుడు విన్నాం. జనగణనలో కులాన్ని చేరుస్తామని 2025 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించాకా వింటున్నాం. చదువుకున్నోళ్లే అంటున్నారు. సరే, రువాండా సంగతే మాట్లాడుకుందాం. వాళ్లు సగం చెప్పి వదిలేసిన కథను మనం పూర్తిగా చెప్పుకుందాం.

1994 ఏప్రిల్ నుంచి జూలై దాకా, సుమారు వంద రోజుల్లో, ఆ చిన్న దేశంలో 8 లక్షల మంది దాకా హతమయ్యారు. చాలామంది టుట్సీలు. చంపడానికి ఒప్పుకోని హుటూలను కూడా వదల్లేదు. దీన్ని ప్రపంచ పత్రికలు చాలా రోజులు 'తెగల కొట్లాట' అని రాశాయి. ఈ భాష మనకేం కొత్త? మాల మాదిగ పల్లెల మీద పడి నరికితే 'ఇరువర్గాల ఘర్షణ' అని రాసే కలాలు మనకు తెలియవా? ఘర్షణ అన్నారంటే తప్పు ఇద్దరిదీ అని. చంపినోడి పేరూ, చంపించినోడి పేరూ అక్కడే మాయమైపోతాయి.

హుటూలదీ టుట్సీలదీ ఒకటే భాష. ఉండేదీ ఒకే కొండల్లో. ఎక్కువమందిది ఒకే మతం. పశువులున్నవాడు, సేద్యం చేసేవాడు, రాజుకు దగ్గరివాడు, దూరపువాడు అనే తేడాలు ముందునుంచీ ఉన్నాయి. అణచివేతా ఉంది, దాన్ని దాచక్కర్లేదు. బెల్జియం పాలకులు వచ్చి దాన్ని చట్టం చేశారు. హుటూ నాయకుల్ని పదవుల్లోంచి పీకేశారు. చదువూ అధికారం టుట్సీ పెద్దల కొడుకులకు కట్టబెట్టారు. వెట్టి హుటూల నెత్తిన రుద్దారు. ఆ తర్వాత 1933-34లో లెక్క తీసి, జాతి పేరు రాసిన కార్డులు పంచారు. వరస గమనించండి. ముందు దోపిడీ పంపకం, ఆ తర్వాత కార్డు. టుట్సీ పేదోడికి ఆ భోగంలో దక్కిందేమీ లేదు. రేపటి పగలో వాటా మాత్రం దక్కింది.

1959లో హుటూలు తిరగబడగానే బెల్జియం ప్లేటు ఫిరాయించింది. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. దొర మారాడు గానీ గడీ అట్లాగే ఉంది. 1973లో సైనిక కుట్రతో గద్దెనెక్కిన హబ్యారిమానా ప్రభుత్వం బడుల్లో, ఉద్యోగాల్లో టుట్సీలకు కోటా పెట్టింది. "చూశారా, కోటా!" అని మన రిజర్వేషన్ వ్యతిరేకులు ఎగిరి గంతేస్తారు. ఆగండి. అది 'ఇంతకుమించి రావద్దు' అని అధికారంలో ఉన్నోడు లోపల్నుంచి పెట్టిన గడియ. మనది 'వేల ఏళ్లు రానివ్వలేదు, ఇప్పుడైనా మా వాటా మాకివ్వు' అని బయట నిలబడి కొట్టి తెరిపించుకున్న తలుపు. రెండూ ఒకటేనా?

ఆ గడియను 1992లో తీసేసింది విద్యామంత్రి అగాత్ ఉవిలింగియిమానా. ఆమె కెమిస్ట్రీ టీచరు. పుట్టుకతో హుటూ. 1993లో ప్రధానమంత్రి అయింది. 1994 ఏప్రిల్ 7న, మారణకాండ మొదలైన తొలి ఉదయమే, సైనికులు ఆమెను చంపేశారు. జాతుల పగే కారణమైతే సొంత జాతి టీచరమ్మను మొదటే ఎందుకు చంపినట్టు?

అసలు కారణం కుర్చీ. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కూలి ధర పడిపోయింది. ఆ దేశానికి కాఫీయే ఆధారం. మరుసటేడు అప్పులిచ్చినోళ్ల షరతుల మీద డబ్బు విలువ తగ్గించారు. రైతు చేతిలో ఉన్నది చారెడు నేల. అదే 1990 అక్టోబరులో ఉగాండా నుంచి ప్రవాస టుట్సీల సైన్యం దాడికి దిగింది. 1993 ఆగస్టులో అధికారం పంచుకునే ఒప్పందం కుదిరింది. పంచుకోవడం ఇష్టంలేని పాలక ముఠా పనిలేని కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చింది. వేటకత్తులు తెప్పించింది. టుట్సీలను బొద్దింకలని రేడియోలో రోజూ తిట్టించింది. "నా ఆకలికి ఎవడు కారణం?" అని పాలకుణ్ణి నిలదీయాల్సిన కుర్రాడికి పక్కింటోణ్ణి చూపించారు. దారికాచి కార్డు అడిగి నరికించారు. ఏప్రిల్ 21న భద్రతా సమితి ఏంచేసింది? శాంతిసేనను 270 మందికి కుదించింది!

ఇంకో వేరు ఉంది. 1959 నుంచీ టుట్సీల హత్యలు జరుగుతూనే వచ్చాయి, చంపినోళ్లు దర్జాగా తిరిగారు. శిక్ష పడదన్న ధైర్యమే రేపటి కత్తికి పదును. చుండూరు తెలిసిన మనకు ఇది వేరే చెప్పాలా? 1991లో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.

మారణకాండ తర్వాత రువాండా కార్డుల్లోంచి జాతి పేరు తీసేసింది. చావుచీటీ అయిన కార్డు పోవాల్సిందే. కానీ పేరు చెరిపితే మంట ఆరిందా? పక్కనున్న కాంగోకు పాకింది. 2025 జనవరిలో రువాండా అండతో ఎం23 తిరుగుబాటుదార్లు గోమా నగరాన్ని పట్టుకున్నారు.

ఇప్పుడు మన పెద్దమనుషుల్ని ఒక్క మాట అడుగుదాం. 1931 తర్వాత మన జనగణనలో అన్ని కులాల లెక్క బయటికి రాలేదు కదా. మరి 1968లో కీళవెణ్మణి ఎట్లా జరిగింది? 1985లో కారంచేడు? 2006లో ఖైర్లాంజి? లెక్క లేకుండానే కత్తికి మా ఇంటి దారి ఎట్లా తెలిసింది?

లెక్క హింసను పుట్టించదు. భూమినీ చదువునూ అధికారాన్నీ కొందరే పట్టుకుని, అడిగినోడి మీదికి మరో పేదోణ్ణి ఉసిగొల్పితే హింస పుడుతుంది. కాబట్టి కులం లెక్క ఒక్కటే చాలదు. ఏ కులం చేతిలో ఎంత భూమి ఉంది, ఎన్ని కొలువులున్నాయి, చంపిన కేసుల్లో ఎందరికి శిక్ష పడింది, ఆ లెక్కలూ అడుగుదాం. రువాండా మనకూ ఒక పాఠం చెబుతోంది. రేపు అధికారం మన చేతికొస్తే గడీని కూల్చాలి, అందులో కాపురం పెట్టకూడదు.