సరిహద్దు దాటితేనే పరీక్షా?
కెనడా పశ్చిమ ప్రావిన్సుల్లో గుర్రాలకు ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ అనీమియా మళ్లీ మళ్లీ సోకుతున్నా, పరీక్షను యజమానుల ఇష్టానికే వదిలేయడం సమర్థనీయం కాదు. దీనికి టీకా లేదు, మందూ లేదు. సోకిన వైరస్ గుర్రం బతికినంతకాలం ఒంట్లోనే ఉంటుంది. పైకి నిగనిగలాడే గుర్రం నెత్తురు తాగుతూ మధ్యలో లేచిన జోరీగ పక్కదానిపై వాలితే చాలు, రోగం అంటుకోవచ్చు. అమెరికాకు పంపే గుర్రానికి ఈ రోగాన్ని పట్టే కాగిన్స్ రక్తపరీక్ష, అదీ పంపడానికి ముందు 180 రోజుల్లోపు చేసినది, తప్పనిసరి. అల్బర్టా నుంచి సస్కాచెవాన్ వెళ్లేదానికి మాత్రం ఆ నిర్బంధం లేదు. పొరుగు దేశపు మందకున్న రక్షణ సొంత మందకు అక్కర్లేదా? రోగం తేలాక కెనడా ఆహార తనిఖీ సంస్థ విధించే క్వారంటైన్, వధ ఉత్తర్వులు అప్పటికే అంటుకున్నవాటిని కాపాడలేవు. గుర్రాల రోగాన్ని ముందే ఆపకపోతే ఏమవుతుందో వేరే రోగం విషయంలో చూశాం: 1872లో టొరంటో పరిసరాల్లో మొదలైన గుర్రపు ఫ్లూ ఖండమంతా పాకడంతో, ఆ ఏడాది బోస్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో గుర్రాలు లాగాల్సిన ఫైరింజన్లను మనుషులే లాగాల్సి వచ్చింది. రోడియోలు, వేలంపాటల దగ్గర నెగెటివ్ పత్రం లేని గుర్రాన్ని లోనికి రానివ్వకూడదు. చిన్న పెంపకందారుల పరీక్ష ఖర్చులో ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం వాటా భరించాలి.